టాటా ఇన్‌స్టిట్యూట్‌లో లెక్క కట్టిన వేడి

మన కాలనీల్లో చాలామందికి టాటా ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక బస్‌స్టాపు. మల్లేశ్వరం దాటి యశవంతపురం పోయే దారిలో పొడుగాటి కాంపౌండు గోడ, లోపల పెద్ద పెద్ద చెట్లు. కండక్టరు పేరు పిలిస్తే భుజాన సంచి తగిలించుకున్న పిల్లలు నలుగురు దిగుతారు. మనం దిగం. మనకు అక్కడ పనేముంది? ఈ నెల ఆ గోడ లోపల జరిగే ఒక పని గురించి చెప్తాను. చదివినాక మనకు అక్కడ పనుందో లేదో మీరే చెప్పండి.

నేను చదివింది నాలుగో తరగతి. మగ్గాల మీద 26 ఏళ్ళు, ఫోల్డింగ్‌లో 8 ఏళ్ళు చేసి ఇంటికొచ్చినవాణ్ణి. ఇక్కడ రాసేది నా సొంత తెలివి కాదు. ఓపెన్ డే రోజు లోపలికి పోయి అక్కడి పిల్లల్ని అడిగి అడిగి తెలుసుకున్నది కొంత. ఇంగ్లీషులో వచ్చినవి మా మనవరాలి చేత చదివించుకొని, తలకెక్కకపోతే మళ్ళీ చదివించుకొని తెలుసుకున్నది కొంత. మిల్లు మాటల్లో చెప్తే మనవాళ్ళకు తొందరగా పడుతుందని ఆ మాటల్లోనే చెప్తా ఉన్నాను.

నూలు డబ్బుతో లేచిన బడి

దాని అసలు పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. టాటా ఇన్‌స్టిట్యూట్ అని జనం పిలవడానికి కారణం జంషెట్జీ టాటా. ఆయన స్టీలు కంటే ముందు నూలు మనిషి. నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు 1877లో మొదలుపెట్టినాడు. ఈ దేశంలో పెద్ద సైన్సు బడి ఉండాలని తన ఆస్తిలో కొంత దానికి రాసిచ్చినాడు. 1904లో ఆయన పోయినాక, 1909లో బడి ఏర్పడింది. మైసూరు సంస్థానం బెంగుళూరులో 371 ఎకరాల భూమి ఇచ్చింది.

అంటే ఆ రాతి గోడల్లో రింగు ఫ్రేముల ముందర నిలబడిన వాళ్ళ చెమట కూడా ఉంది. ఇప్పుడైతే సర్కారు డబ్బుతో నడుస్తుంది, అంటే మనం అగ్గిపెట్టె కొన్నా అందులో ఒక నయాపైసా అటు పోతుంది. కాబట్టి లోపల ఏం చేస్తున్నారని అడిగే హక్కు మనకు ఉంది.

అక్కడ సెంటర్ ఫర్ హై ఎనర్జీ ఫిజిక్స్ అని ఒక విభాగం. అందులో ప్రసాద్ హెగ్డే గారని ఒక ప్రొఫెసరు. ఆయన మిషను నడపరు, దేన్నీ గుద్దించరు. లెక్కలు కడతారు. ఏం లెక్క? వస్తువుని కాచుకుంటా పోతే, కాచుకుంటా పోతే, చిట్టచివరికి ఏమవుతుంది అనే లెక్క.

ఒక్క కొస ఉన్న నూలు లేదు

మంచు కాస్తే నీళ్ళు. నీళ్ళు కాస్తే ఆవిరి. ఇది మన బాయిలర్ మనిషికీ తెలుసు. ఆవిరిని ఇంకా కాస్తే అణువులు విడిపోతాయి, పరమాణువులు వస్తాయి. ఇంకా కాస్తే పరమాణువు చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. దాన్ని ప్లాస్మా అంటారు. సూర్యుడు ఆ మాదిరి ముద్దే. ఇంకా కాస్తే? మిగిలింది పరమాణువు నడిమధ్య ఉండే గట్టి గింజ. దాంట్లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. ఒక్కొక్క ప్రోటాన్‌లో మూడు క్వార్కులు ఉంటాయని 1964లో మర్రే గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ అనే ఇద్దరు వేరువేరుగా చెప్పినారు. ఆ మూడింటినీ పట్టి ఉంచే జిగురు పేరు గ్లూఆన్.

ఈ జిగురు గుణం విచిత్రమైనది. మామూలుగా రెండు వస్తువుల్ని దూరం చేస్తే వాటి మధ్య పట్టు తగ్గుతుంది. అయస్కాంతం చూడండి, దూరం జరిపితే వదిలేస్తుంది. క్వార్కులు అట్లా కాదు. దూరం లాగినా పట్టు సడలదు, బిగువు నిలిచే ఉంటుంది. ఇంకా గట్టిగా లాగితే తెగుతుంది. కానీ తెగిన చోట కొత్త క్వార్కు, దానికి ఎదురు క్వార్కు పుట్టి రెండు కొసలకీ అతుక్కుంటాయి. నూలు మాదిరి అనుకోండి. నూలు ఎన్నిసార్లు తెంపినా ప్రతి ముక్కకీ రెండు కొసలు ఉంటాయి. ఒక్క కొస మాత్రమే ఉన్న నూలు చూపించమంటే ఏ స్పిన్నింగ్ మేస్త్రీ చూపించలేడు. అట్లే ఒంటరి క్వార్కుని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

ఇంకో సంగతి మనిషిని నిలబెట్టేస్తుంది. ప్రోటాన్ బరువులో ఆ మూడు క్వార్కుల సొంత బరువు సుమారు 1 శాతమే. మిగతా 99 శాతం ఆ లోపలి బిగువు, ఆ లోపలి ఉరుకులాట. శక్తి బరువుగా కనిపిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పింది ఇక్కడ నిజంగా పని చేస్తుంది. 60 కిలోల మనిషిని తూకం మీద నిలబెడితే అందులో క్వార్కుల సొంత బరువు ఒక కిలో కూడా రాదు. మనం మోసిన బేళ్ళ బరువంతా, మన ఒంటి బరువంతా, దాదాపు ఆ జిగురు బరువే.

మరి ఆ జిగురు కరిగేంత వేడి పెడితే? క్వార్కులు దగ్గర దగ్గరగా, మంచి ఊపు మీద ఉన్నప్పుడు వాటి మధ్య పట్టు వదులవుతుందని 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్ లెక్కగట్టి చూపించినారు. 2004లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అట్లాంటి వేడిలో ప్రోటాను, న్యూట్రాను అనే గోడలు ఉండవు. క్వార్కులు, గ్లూఆన్లు కలిసిన పులుసు ఒకటే ఉంటుంది. దాని పేరు క్వార్క్ గ్లూఆన్ ప్లాస్మా. సుమారు 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం మొదలైనప్పుడు, సెకనులో లక్షో వంతు గడిచేదాకా ఉన్నదంతా ఈ పులుసేనని శాస్త్రజ్ఞులు చెప్తారు. అది చల్లారితేనే ప్రోటాన్లు వచ్చినాయి, తర్వాత పరమాణువులు, నక్షత్రాలు, పత్తి చెట్టు, మనం.

గుడ్డ చూసి మగ్గం సంగతి చెప్పడం

ఈ పులుసు మళ్ళీ చేసి చూడాలంటే అంత వేడి ఏ కొలిమిలో వస్తుంది? రాదు. అందుకని బరువైన పరమాణువుల్ని తీసుకొని, వాటి ఎలక్ట్రాన్లు ఊడదీసి, దాదాపు వెలుతురు వేగంతో ఎదురెదురుగా గుద్దిస్తారు. హెవీ అయాన్ కొలిజన్ అంటే అదే. అమెరికాలో న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో 3.8 కి.మీ. చుట్టుకొలత ఉన్న రింగులో 2000వ సంవత్సరం నుంచి బంగారాన్ని గుద్దించినారు. బంగారం గింజలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. యూరప్‌లో జెనీవా దగ్గర సెర్న్ అనే చోట భూమి కింద 27 కి.మీ. రింగులో 2010 నవంబరు నుంచి సీసాన్ని గుద్దిస్తున్నారు.

గుద్దుకున్నప్పుడు పుట్టే పులుసు ఎంతసేపు నిలుస్తుంది? సెకనుని కోటి ముక్కలు చేయండి. ఒక ముక్క తీసుకొని మళ్ళీ కోటి ముక్కలు. అందులో ఒకటి తీసుకొని మళ్ళీ కోటి ముక్కలు. ఆ చివరి ముక్కంత సేపు కూడా నిలవదు. కంటికీ కెమెరాకీ దొరికేది కాదు. మరి ఉందని ఎట్లా చెప్తారు?

ఇక్కడ ఫోల్డింగ్‌లో పని చేసినవాళ్ళకు సంగతి వెంటనే పడుతుంది. గుడ్డ మన బల్ల మీదికి వచ్చేసరికి మగ్గం ఆగిపోయి ఉంటుంది, షిఫ్టు మారి ఉంటుంది, నేసినవాడు ఇంట్లో నిద్రపోతా ఉంటాడు. అయినా గుడ్డ దీపం ముందు పరిస్తే ఇక్కడ పడుగు పోగు తెగింది, ఇక్కడ పేక రెండుసార్లు పడింది, ఇక్కడ మగ్గం ఆగి మళ్ళీ మొదలైంది అని చెప్పేస్తాం. మనం మగ్గాన్ని చూడలేదు. గుడ్డ చెప్పింది. వాళ్ళు చేసేది కూడా అంతే. ఒక్క గుద్దుడులో వేల కణాలు బయటికి చిమ్ముతాయి. ఏది ఎటు పోయింది, ఎంత ఊపుతో పోయింది, ఏ జాతివి ఎన్ని అని చుట్టూ పెట్టిన డిటెక్టర్లు రాసుకుంటాయి. అట్లాంటి గుద్దుళ్ళు కోట్ల కొద్దీ చూసి, లోపల ఏం జరిగిందో వెనక్కి చదువుకుంటా పోతారు.

చదివితే అనుకోనిది బయటపడింది. అంత వేడిలో అది గ్యాసు మాదిరి ఉంటుందని, దేని దారి దానిదిగా పోతుందని చాలామంది అనుకున్నారు. రెండు గింజలు సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కగా గుద్దుకుంటే, కలిసిన భాగం బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. గ్యాసయితే కణాలు అన్ని వైపులా సమానంగా చెదరాలి. అట్లా కాలేదు. బాదంపప్పు సన్నగా ఉన్న వైపు నుంచి ఎక్కువ వచ్చినాయి. షిఫ్టు వదిలినప్పుడు గేటు దగ్గర జనం చూసినారు కదా. ఒకరి భుజం ఒకరికి తగిలి అందరూ ఒకటిగా కదులుతారు, ఎక్కడ దారి దగ్గరగా ఉంటే అటు ఒత్తుకొస్తారు. అట్లా ఒకటిగా ఒత్తుకొచ్చేది ద్రవం. 2005 ఏప్రిల్‌లో బ్రూక్‌హేవెన్ వాళ్ళు ఇది గ్యాసు కాదు, ద్రవం అని లోకానికి చెప్పినారు.

అది కూడా మామూలు ద్రవం కాదు. సైజింగ్‌లో గంజి చిక్కబడితే ఎంత మొండిగా సాగుతుందో మీకు తెలుసు. ఆ చిక్కదనం దీంట్లో దాదాపు ఉండాల్సినంత తక్కువ. దాని వేడికీ ఒత్తిడికీ తగ్గట్టు లెక్కగట్టి పోలిస్తే నీళ్ళు కూడా దీని ముందు గంజే. అందుకే దీనికి పర్‌ఫెక్ట్ లిక్విడ్, లోపం లేని ద్రవం అని పేరు పెట్టినారు.

ఈ కొలిచే పనిలో మన దేశం వాళ్ళ చేతులూ ఉన్నాయి. కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్‌కి చాలా ఏళ్ళు డైరెక్టరుగా ఉన్న బికాశ్ సిన్హా గారు దీనికి దారి వేసినారు. ఆయన 2023లో పోయినారు. ఫోటాన్ మల్టిప్లిసిటీ డిటెక్టర్ అనే పరికరాన్ని ఇక్కడివాళ్ళే తయారు చేసి సెర్న్‌లోనూ, బ్రూక్‌హేవెన్‌లోనూ పెట్టినారు. ఆ పనిలో జమ్మూ, రాజస్థాన్, పంజాబ్ యూనివర్సిటీల వాళ్ళు ఉన్నారు. పెద్ద పెద్ద పేర్లున్న బళ్ళే కాదు, రాష్ట్రాల్లోని యూనివర్సిటీలు కూడా అందులో ఉన్నాయన్నది గుర్తు పెట్టుకోండి.

కంప్యూటర్‌లో పడుగు పేక

ఇప్పుడు హెగ్డే గారి దగ్గరికి వద్దాం. ప్రోటాన్లు కరిగి పులుసు అయ్యేది ఏ వేడి దగ్గర? గుద్దించేవాళ్ళకు ఆ అంకె కావాలి. అది లేకపోతే తాము కొలిచింది దేనితో పోల్చాలి? డిజైను కాగితం లేకుండా నేసిన గుడ్డలో తప్పేదో ఒప్పేదో ఎట్లా చెప్తాం?

క్వార్కుల నియమాలు కాగితం మీద రాయడానికి చిన్నవే. కానీ అన్నీ ఒకేసారి ఒకదాన్నొకటి లాగుతుంటే చేత్తో లెక్క తేలదు. 1974లో కెన్నెత్ విల్సన్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పినాడు. స్థలాన్నీ కాలాన్నీ గళ్ళు గళ్ళుగా చేసేయండి. పడుగూ పేకా కలిసే ముడి దగ్గర క్వార్కులు. ఒక ముడి నుంచి ఇంకో ముడికి పోయే పోగు మీద గ్లూఆన్లు. మన గుడ్డకి నిలువూ అడ్డం రెండే దిక్కులు. వాళ్ళ గుడ్డకి నాలుగు: స్థలానికి మూడు, కాలానికి ఒకటి. దీన్ని లాటిస్ లెక్క అంటారు. గళ్ళు పెద్దవిగా ఉంటే లెక్క ముతక. గళ్ళు సన్నం చేసేకొద్దీ నిజానికి దగ్గరవుతుంది, కానీ కంప్యూటర్ పని విపరీతంగా పెరిగిపోతుంది. 20 కౌంటు కంటే 100 కౌంటు నూలు తీయడానికి ఎంత పట్టుదల కావాలో మీకు నేను చెప్పేదేముంది! ముతక నుంచి సన్నానికి ఒక్కొక్క మెట్టు దిగుతా, గళ్ళు అసలే లేకపోతే అంకె ఎంత వస్తుందో తేలుస్తారు. ఇంట్లో ఉండే కంప్యూటర్‌తో అయ్యే పని కాదు, సూపర్ కంప్యూటర్లు కావాలి.

2019లో అమెరికా, జర్మనీ, చైనా, జపాన్, ఇండియా వాళ్ళు కలిసి ఈ అంకెను బయటపెట్టినారు. మన దేశం నుంచి అందులో టాటా ఇన్‌స్టిట్యూట్ ప్రసాద్ హెగ్డే గారు, చెన్నైలోని మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన సాయంతన్ శర్మ గారు ఉన్నారు. వాళ్ళ కొలతలో అది 156.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అటూ ఇటూ 1 శాతం తేడా. మన డిగ్రీల్లో చెప్తే సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిమధ్య వేడి ఒకటిన్నర కోటి డిగ్రీలు. దానికి లక్షా 20 వేల రెట్లు!

ఆ వేడి దగ్గర మార్పు ఎట్లా జరుగుతుందో కూడా లెక్క చెప్పింది. నీళ్ళు కాగి భగ్గున మరిగినట్టు కాదు. వెన్న ఎండలో పెడితే మెల్లగా మెత్తబడి కారినట్టు. ఇంకా ఒత్తుగా కూరిన పదార్థంలో ఈ మెత్తని మార్పు ఎక్కడో ఒకచోట మరుగుడు మాదిరి మార్పుగా మారవచ్చని ఒక అంచనా ఉంది. ఆ చోటుని క్రిటికల్ పాయింట్ అంటారు. గుద్దించేవాళ్ళు గుద్దించి, లెక్కలవాళ్ళు లెక్కగట్టి దానికోసం వెతుకుతున్నారు.

ఇందాక చెప్పిన 99 శాతం బరువు గుర్తుంది కదా. విశ్వం చల్లబడుతా ఈ 1.8 లక్షల కోట్ల డిగ్రీల మెట్టు దిగినప్పుడే క్వార్కులు ముడిపడి ప్రోటాన్లకు ఆ బరువు వచ్చింది. అంటే ఆ 2019 అంకె మన ఒంటికి బరువు వచ్చిన వేడి. మన మల్లేశ్వరం పక్కనుండే మనిషి దాన్ని తేల్చినవాళ్ళలో ఒకరు.

దుడ్లు పోసి చేస్తే మనకేం వచ్చింది?

ఇది చెప్తుంటే మా పక్కింటి చెల్లెమ్మ అడిగింది: "అంత దుడ్లు పోసి బంగారాన్ని గుద్దిస్తే మనకేమొచ్చిందన్నా?" న్యాయమైన మాట. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఈ పులుసుతో మన వంటింట్లో దీపం వెలగదు. రేపు వెలుగుతుందని కూడా నేను చెప్పను.

కానీ కణాల్ని ఉరికించే ఇంజనీర్ల విద్య ఎక్కడెక్కడికి పాకిందో చూడండి. మన బస్తీల్లో క్యాన్సర్ వచ్చినవాళ్ళు కిద్వాయ్ ఆసుపత్రికి పోయి కరెంటు పెట్టించుకొని వస్తారు. ఆ కరెంటు పెట్టే మిషను ఎలక్ట్రాన్లను ఉరికించే యాక్సిలరేటరే. గుద్దించే ఆ పెద్ద రింగుల జాతిదే. మీ పిల్లలు ఫోన్లో చూసే వెబ్ కూడా 1989లో సెర్న్‌లోనే పుట్టింది. దూరదూరాన ఉన్న శాస్త్రజ్ఞులు కాగితాలు పంచుకోవడానికి టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన చేసిన ఏర్పాటు అది. వాళ్ళు ఇవి చేద్దామని కూర్చోలేదు. కష్టమైన ప్రశ్న పట్టుకున్నారు, దారిలో ఇవి దొరికినాయి.

పిల్లల చదువు మాట

అసలు నేను ఇంత రాయడానికి కారణం వేరే ఉంది. మన వీధిలో ఒక ఆటో డ్రైవరు కూతురు పీయూసీలో ఫిజిక్సులో మంచి మార్కులు తెచ్చుకుంది. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతానంటుంది. వాళ్ళ నాయన ఒప్పుకోడు. "అన్నా, ఫిజిక్సు చదివి ఏం చేస్తుంది? నా ఆటోకి ఇంకా కంతు కట్టల్ల. రెండేళ్ళలో చేతికి జీతమొచ్చే చదువు చదవనీ" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. మిల్లులు మూతపడిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం. నెల జీతం ఆగితే ఇల్లు ఎట్లుంటుందో చూసినవాళ్ళం. ఆ భయం ఎముకల్లో ఉంటుంది.

అయితే ఆయనకీ, ఆయన మాదిరి తల్లిదండ్రులకీ తెలియని సంగతులు కొన్ని చెప్తాను. బి.ఎస్సీ. అయినాక జామ్ అని ఒక పరీక్ష ఉంది. అందులో మంచి ర్యాంకు వస్తే టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి పోవచ్చు. పీయూసీ అయినాక నేరుగా చేరే నాలుగేళ్ళ డిగ్రీ కూడా అక్కడ 2011 నుంచి ఉంది. పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఇంటి నుంచి డబ్బు తెచ్చి చదవరు, వాళ్ళకే ఫెలోషిప్ ఇస్తారు. 2023 జనవరి నుంచి కేంద్ర సర్కారు జూనియర్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు చేసింది. మన కాలనీలో ఎంతమంది ఇళ్ళల్లోకి అంత వస్తుందో లెక్కేసుకోండి. దారి పొడుగుదే, పోటీ గట్టిదే, అందరికీ సీటు రాదు. కానీ దారి లేదని మాత్రం అనకండి.

ఆడపిల్ల అని వెనక్కి లాగేవాళ్ళకు ఒక పేరు చెప్తాను. రోహిణి గాడ్‌బోలే గారు ఈ హెగ్డే గారి విభాగంలోనే పని చేసినారు. కణాలు గుద్దుకుంటే ఏం పుడుతుందో లెక్కగట్టడంలో లోకమంతా పేరున్న మనిషి. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో పోయినారు. మన దేశపు ఆడ శాస్త్రజ్ఞులు దాదాపు వంద మంది కథలతో ఇంకొకరితో కలిసి 'లీలావతీస్ డాటర్స్' అనే పుస్తకం తెచ్చినారు. ఆ పుస్తకం మన సంఘం లైబ్రరీకి తెప్పిస్తే బాగుంటుంది.

ఇంకొక మాట. టాటా ఇన్‌స్టిట్యూట్ ఏటా ఒక రోజు అందరికీ గేటు తెరుస్తుంది. ఓపెన్ డే అంటారు. మామూలుగా ఏడాది మొదటి నెలల్లో వస్తుంది. టికెట్టు లేదు. ముసలివాళ్ళు, పిల్లలు, ఎవరైనా పోవచ్చు. ప్రతి విభాగం ముందర విద్యార్థులు నిలబడి చెప్తారు. అడగడానికి సిగ్గుపడకండి. కన్నడంలో చెప్పేవాళ్ళు ఉంటారు, తెలుగు పిల్లలు కూడా దొరుకుతారు. పోయిన ఏడాది నన్ను ఒక పిల్లవాడు పావుగంట నిలబెట్టి గుడ్డ, గళ్ళు అని చెప్తుంటే, పక్కన నాలుగైదుగురు చేరి విన్నారు.

ఈసారి తేదీ పేపర్లో పడగానే మనం ఒక వ్యాను మాట్లాడుకొని పోదాం. పీయూసీ, హైస్కూలు పిల్లలకి ముందు చోటు. ఆ ఆటో డ్రైవరు తానూ వస్తానన్నాడు, కూతురితోపాటు. పేర్లు సంఘం ఆఫీసులో రాయించండి. మధ్యాన్నానికి అన్నం కట్టుకొని రండి, లోపల చెట్ల కింద కూర్చొని తినొచ్చు.